సున్నాలు కనిపిస్తాయని తెరవని ఆ రెండో ఫైలు

ప్రశ్న: అయ్యా, మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల మేత, మందులు అమ్మే ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. 43 మంది రైతులకు అప్పు మీద ఇచ్చిన మేత బస్తాలు, వాళ్లు కట్టిన డబ్బు అంతా ఎక్సెల్‌లో ఒకే ఫైలు. కొత్త పంటకు అదే నమూనా కావాలని పాత ఫైలు తెరిచి, లోపలి అంకెలన్నీ తుడిచి, కొత్త పేర్లు నాలుగు రాసి, అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కాను. మూసేసి ఇంటికి వెళ్లాను. మరునాడు ఒక రైతు వచ్చి పాత బాకీ ఎంతని అడిగితే గానీ చేసిన పని తెలియలేదు. ఇది జరిగి రెండు రోజులైంది. యజమాని నెలనెలా చూసుకునే 'సారాంశం' అనే ఇంకో ఫైలు ఉంది. ఈ ఫైలు నుంచే అది అంకెలు తీసుకుంటుంది. అందులోనూ సున్నాలే కనిపిస్తాయేమోనన్న భయంతో దాన్ని తెరవలేదు. రిసైకిల్ బిన్‌లో వెతికాను, లేదు. తెలిసిన కుర్రాడు ఏదో సాఫ్ట్‌వేర్ వేసి తీస్తానంటున్నాడు. పాత ఫైలు వస్తుందా? యజమానికి చెప్పాలా? నిద్ర పట్టడం లేదు.
— పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ రెండు రోజుల్లో భయం మీకు ఒక మేలు చేసింది. ఆ సారాంశం ఫైలును తెరవనివ్వలేదు. ఇది చదివే సమయానికి కూడా దాన్ని ఎవరూ తెరవకపోతే, మీరు పోయిందనుకుంటున్న లెక్కలో ముఖ్యమైన భాగం అందులో ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ఒక ఎక్సెల్ ఫైలు ఇంకో ఫైలు నుంచి అంకె తెచ్చుకునేటప్పుడు, ఎక్కడి నుంచి తేవాలన్న సూత్రంతో పాటు చివరిసారి తెచ్చిన అంకెను కూడా తనలో రాసి పెట్టుకుంటుంది. నెల్లూరులో ధర ఎంతో ఫోనులో కనుక్కుని జేబు పుస్తకంలో రాసుకున్న వ్యాపారి లాంటిది అది. మళ్లీ ఫోను చేసేదాకా ఆ పుస్తకంలో నిన్నటి ధరే ఉంటుంది. మీరు అసలు ఫైలును తుడిచినప్పుడు సారాంశం మూసి ఉంది కాబట్టి ఆ సంగతి దానికి ఇంకా తెలియదు. తెలిసేది ఎప్పుడంటే, దాన్ని తెరిచాక లింకులు తాజా చేయాలా అని అడిగినప్పుడు మనం సరే అంటే. అప్పుడు అది వెళ్లి మీ ఖాళీ ఫైలును చూసి, పాత అంకెల స్థానంలో సున్నాలు రాసుకుంటుంది. ఆ మీద ఒక్కసారి సేవ్ అయిందంటే ఈ దారి కూడా మూసుకుపోతుంది.

అందుకని తెరవకుండానే, సారాంశం ఫైలు మీద కుడి బటన్ నొక్కి కాపీ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. రెండో పెన్‌డ్రైవ్ ఉంటే అందులోనూ పెట్టండి. తర్వాత మీరు తుడిచిన అసలు ఫైలు పేరు మార్చండి. 'మేత లెక్క' అని ఉంటే 'మేత లెక్క కొత్త పంట' అని పెట్టండి, ఏదైనా సరే, పాత పేరు మాత్రం ఉండకూడదు. ఆ పేరుతో ఫైలు కనిపించకపోతే సారాంశం పొరపాటున వెతికినా సున్నాలు తెచ్చుకోలేదు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఒకే ఫోల్డరులో ఉన్న రెండు ఫైళ్లను కలిపి పెన్‌డ్రైవ్‌లోకి మారిస్తే, ఆ లింకు అక్కడా పని చేస్తుంది. కాబట్టి రెండింటినీ పాత పేర్లతో పక్కపక్కన పెట్టకండి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోని కాపీని తెరవండి. పైన పసుపు పట్టీ గానీ, మధ్యలో ఒక పెట్టె గానీ వస్తుంది. పెట్టె వస్తే 'డోంట్ అప్‌డేట్' నొక్కండి. పట్టీ వస్తే 'ఎనేబుల్ కంటెంట్' జోలికి వెళ్లకుండా అలాగే వదిలేయండి. అంకెలు కనిపించగానే ఊపిరి పీల్చుకుని కూర్చోకండి. మొత్తం షీటును ఎంచుకుని, కాపీ చేసి, కొత్త ఫైలులో 'పేస్ట్ స్పెషల్' కింద 'వాల్యూస్' అన్న పద్ధతిలో అతికించండి. అంటే సూత్రాలు రావు, అంకెలు మాత్రమే వస్తాయి. ఇంత తొందర ఎందుకంటే, షరతు ప్రకారం కూడే సమ్‌ఇఫ్ లాంటి కొన్ని సూత్రాలు అసలు ఫైలు మూసి ఉండగా మళ్లీ లెక్క కడితే అంకె బదులు తప్పు గుర్తు చూపిస్తాయి. ఎన్ని షీట్లుంటే అన్నింటికీ ఇలాగే చేసి, కొత్త పేరుతో సేవ్ చేసుకోండి.

సారాంశం అడిగి తెచ్చుకున్నదే అందులో ఉంటుందని గుర్తుంచుకోండి. రైతు వారీగా మొత్తం బస్తాలు, మొత్తం జమ, బాకీ తెచ్చుకుని ఉంటే అవి దొరుకుతాయి. ఏ తేదీన ఎన్ని బస్తాలు వెళ్లాయన్నది దొరకదు. అయితే సారాంశంలో పివోట్ టేబుల్, అంటే వరుసలను తానే కూడి చూపే పట్టిక, ఉంటే మాత్రం మీకు అదృష్టం పట్టినట్టే. పివోట్ టేబుల్ తాను కూడిన వరుసలన్నింటినీ, మార్చమని మనం చెప్పి ఉండకపోతే, ఫైలులోనే ఒక మూల దాచుకుంటుంది. కింద కుడివైపు చివరన గ్రాండ్ టోటల్ అంకె ఉంటుంది చూడండి, దాని మీద రెండుసార్లు క్లిక్ చేయండి. కొత్త షీటు ఒకటి తెరుచుకుని, తేదీలతో సహా పాత వరుసలన్నీ అందులో వచ్చి పడతాయి. 'రిఫ్రెష్' మాత్రం నొక్కకూడదు. ఎన్నో ఏళ్లుగా పివోట్ వాడుతున్నవాళ్లలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

రిసైకిల్ బిన్‌లో లేదన్నారు, అక్కడ ఉండదు. డిలీట్ చేసిన ఫైలు అక్కడికి వెళ్తుంది గానీ, అదే పేరు మీద మళ్లీ రాసిన ఫైలు వెళ్లదు.

ఇలాంటి దెబ్బ నేనూ తిన్నాను. చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ ఆఫీసులో లెక్కలు రాసే రోజుల్లో, బ్లాకుల జాబితాను పెద్దవి ముందు వచ్చేలా పేర్చబోయి ఘనపుటడుగుల వరుస ఒక్కదాన్నే ఎంచుకుని పేర్చాను. సేవ్ చేశాను, మూశాను. ఒక్క అంకె కూడా పోలేదు. కాకపోతే ఏ అంకె ఏ రాయిదో తెలియకుండా పోయింది. ఫైలు పోయినదానికన్నా ఇది ఘోరం. చూడటానికి లెక్క నిండుగా ఉంటుంది, కూడితే మొత్తం కూడా సరిపోతుంది, ప్రతి వరుసా అబద్ధమే. దాన్ని నాకు ఏ సాఫ్ట్‌వేరూ సరిచేసి పెట్టలేదు. టేపు పట్టుకుని యార్డులోకి వెళ్లాను. ప్రతి బ్లాకు మీద నంబరు, కొలతలు రంగుతో రాసి ఉన్నాయి. నల్లటి రాయి మీద తెల్లటి రంగు, కొన్నిచోట్ల ఎండకు పొట్టు లేచినా చదవడానికి వీలుగానే ఉంది. రెండు పూటలు పట్టింది. కంప్యూటర్‌లో పోయిన లెక్క బయట ఎక్కడో ఒకచోట రాసి ఉంటుందని నాకు తెలిసింది ఆ రోజే. మీ విషయంలో ఆ 'ఎక్కడో' ఏమిటో కాసేపట్లో చెబుతాను. అంతకుముందు ఆ కుర్రాడి సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాం.

మీ కుర్రాడు చెప్పింది పూర్తిగా వట్టి మాట కాదు. కంట్రోల్ ఎస్ నొక్కినప్పుడు ఎక్సెల్ పాత ఫైలు మీదే రాయదు. అదే ఫోల్డరులో అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వింత పేరుతో తాత్కాలిక ఫైలు తయారుచేస్తుంది. అది సవ్యంగా పూర్తయ్యాక పాత ఫైలును తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. అంటే మీ పాత లెక్క డిస్కు మీద కొంతకాలం పేరు లేకుండా పడి ఉండవచ్చు, ఆ చోటును ఇంకో ఫైలు ఆక్రమించేదాకా. ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అలాంటి తునకలను వెతికి పట్టుకుంటుంది. ఎక్సెల్ కొత్త తరహా ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ప్రతి మూట మొదట్లో పీ, కే అన్న రెండు అక్షరాలుంటాయి, ఆ గుర్తును బట్టి వెతుకుతుంది. దొరికినవాటికి పేర్లుండవు, వట్టి నంబర్లే. వందల ఫైళ్లు తెరిచి చూసుకోవాలి.

అయితే మీ కంప్యూటర్‌లో ఉన్నది తిరిగే పాత రకం హార్డ్ డిస్కా, తిరిగే భాగాలు లేని కొత్త రకం ఎస్ఎస్‌డీనా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంది. ఎస్ఎస్‌డీ అయితే, ఖాళీ అయిన చోటును విండోస్ తనంతట తానే డిస్కుకు చెప్పి శుభ్రం చేయిస్తుంది. రెండు రోజుల తర్వాత దాని మీద డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను. పాత హార్డ్ డిస్కు అయితే ప్రయత్నించవచ్చు, కానీ ఒక షరతు. ఆ కుర్రాడు సాఫ్ట్‌వేర్‌ను మీ కంప్యూటర్‌లోనే వేస్తానంటే ఒప్పుకోకండి. వేసే సాఫ్ట్‌వేరే వెళ్లి మీ పాత లెక్క పడి ఉన్న చోట కూర్చోవచ్చు. డిస్కును విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, దొరికినవి వేరే డిస్కులోకి తీయాలి. ఈ మాట మీరు అనకముందే తను అంటే, పని తెలిసినవాడే. అప్పటిదాకా ఆ కంప్యూటర్‌లో పాటలు, వీడియోలు, కొత్త ప్రోగ్రాములు ఏవీ దించకండి. వీలైతే ఆపేసే ఉంచండి.

ఆపే ముందు రెండు చోట్లు చూడండి. మీ ఫైలు డెస్క్‌టాప్ మీద గానీ డాక్యుమెంట్స్‌లో గానీ ఉందా? గడియారం పక్కన చిన్న మేఘం బొమ్మ ఉందా? కొత్త విండోస్ కంప్యూటర్లలో, మనం పట్టించుకోకపోయినా, ఆ ఫోల్డర్లు మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌కు ఎక్కుతూ ఉండవచ్చు. అలా ఎక్కుతుంటే మీ కష్టం అయిదు నిమిషాల్లో తీరుతుంది. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, ఫైలు మీద కుడి బటన్ నొక్కి, 'వెర్షన్ హిస్టరీ' చూడండి. మామూలు వ్యక్తిగత ఖాతాలో కూడా చివరి 25 రూపాలు ఉంటాయి. మీరు తుడవకముందు తేదీది ఎంచుకుంటే సరి. వన్‌డ్రైవ్ లేకపోతే, ఫైలు పేరు మార్చారు కాబట్టి, అది ఉన్న ఫోల్డరు మీద కుడి బటన్ నొక్కి 'ప్రాపర్టీస్'లో 'ప్రీవియస్ వెర్షన్స్' చూడండి. ఎవరైనా ముందే ఫైల్ హిస్టరీ గానీ సిస్టమ్ ప్రొటెక్షన్ గానీ ఆన్ చేసి ఉంటే పాత కాపీ అక్కడ ఉంటుంది. చాలా దుకాణాల కంప్యూటర్లలో అది ఖాళీగానే ఉంటుంది, నిరుత్సాహపడకండి.

ఆటోరికవర్ గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది పది నిమిషాలకోసారి దాచేది కరెంటు పోయినప్పుడు, ప్రోగ్రాం ఆగిపోయినప్పుడు పనికొస్తుంది. మనం చక్కగా సేవ్ చేసి మూసేస్తే, ఇక అవసరం లేదనుకుని తన కాపీని తీసేస్తుంది. దాని కోసం సాయంత్రమంతా వెచ్చించకండి.

ఇంకొకటి మీకు ఆలస్యమైపోయింది, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. తప్పుగా సేవ్ చేశామని తెలిసిన క్షణాన ఫైలును మూయకండి. 2007 నుంచి వచ్చిన ఎక్సెల్‌లలో సేవ్ చేశాక కూడా కంట్రోల్ జడ్ పని చేస్తుంది. వంద అడుగుల వరకు వెనక్కి వెళ్లవచ్చు. మూసిన తర్వాత ఒక్క అడుగు కూడా వెళ్లలేం.

ఇప్పుడు యజమాని సంగతి. చెప్పండి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీలు తీసిన వెంటనే, ఈరోజే చెప్పండి. నిజాయితీ గురించి నేను మీకు పాఠం చెప్పనక్కర్లేదు, కారణం వేరే ఉంది. ఆ సారాంశం ఫైలు చూసుకునేది ఆయన. నెలాఖరు అనో, రైతు వచ్చాడనో మీరు లేనప్పుడు ఆయన దాన్ని తెరిచి, ఎప్పటిలాగే అప్‌డేట్ నొక్కితే మీ రెండో దారి కూడా పోతుంది. మీరు చెప్పకుండా ఆపిన ప్రతి గంటా ఆ ప్రమాదం ఉంటుంది. రెండో కారణం, మీ పాత లెక్క కాపీలు ఆయన దగ్గరే ఉండి ఉండవచ్చు. ఎప్పుడైనా ఆ ఫైలును ఆయనకు వాట్సాప్‌లో పంపారా? ఆయన ఫోనులో మీ చాట్ తెరిచి, పైన మీ పేరు నొక్కి, పంపిన డాక్యుమెంట్ల జాబితా చూడమనండి. ఒకసారి తెరిచి చూసి ఉంటే అది ఆయన ఫోనులోనే దిగి ఉంటుంది. అప్పట్లో తెరవని పాతది ఇప్పుడు దిగకపోవచ్చు. మీది ఆండ్రాయిడ్ ఫోనయితే, వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డరులో 'సెంట్' అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అందులో మీరు పంపినవి ఉంటాయి. మెయిల్‌లో పంపినవాటిలో చూడండి. ఆడిటర్ ఆఫీసుకు ఏడాది లెక్కలు ఇచ్చి ఉంటే వాళ్లను అడగండి. ఒక నెల పాతది దొరికినా చాలు, మిగతా నెల పని మాత్రమే మీకు మిగులుతుంది.

ఆ మిగిలినదాన్ని కాగితాల నుంచి కట్టాలి. బస్తాలు వెళ్లినప్పుడు మీరు రాసిన బిల్లు పుస్తకంలో కార్బన్ నకలు ఉంటుంది. రైతు దగ్గర తెల్ల చీటీ ఉంటుంది. ఆటోవాడో, ట్రాక్టరువాడో సంతకం పెట్టిన కాగితం గోడౌన్‌లో మేకుకు గుచ్చి ఉంటుంది. రైతు ఫోనులో మీకు పంపిన డబ్బు తేదీతో సహా ఉంటుంది, మీ బ్యాంకు స్టేట్‌మెంటులోనూ ఉంటుంది. ఒక పని మాత్రం చేయకండి. గుర్తున్నంతవరకు నింపుదామని, ఈయనకు సుమారు నలభై బస్తాలు వెళ్లి ఉంటాయని రాయకండి. సాక్ష్యం దొరకని గడికి పసుపు రంగు వేసి ఖాళీగా వదలండి. ఖాళీ గడిని అడిగి నింపుకోవచ్చు. ఊహించి రాసిన అంకె రేపు రైతు దగ్గరి చీటీతో సరిపోకపోతే, సరిగా ఉన్న మిగతా అంకెలను కూడా ఎవరూ నమ్మరు.

అంతా అయ్యాక సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. కంపెనీ నుంచి ఆ పంటకు ఎన్ని బస్తాలు వచ్చాయో ఇన్‌వాయిస్‌లలో ఉంటుంది. పంట మొదట్లో గోడౌన్‌లో ఉన్న నిల్వను దానికి కలపండి. రొయ్యల పట్టుబడి అయ్యాక రైతులు తిరిగి ఇచ్చినవి కూడా కలపండి. ఇప్పుడున్న నిల్వ, చేతికి వచ్చిన నగదు మీద అమ్మినవి, తడిసి పారేసినవి తీసేయండి. మిగిలేది 43 మందికి అప్పు మీద వెళ్లిన మొత్తం. మీ కొత్త జాబితా మొత్తం దీనితో సరిపోతే రాత్రికి నిద్ర పడుతుంది. అయిదారు బస్తాలు తేడా వస్తే ఎక్కడో ఒక్క చీటీ తప్పిపోయిందన్నమాట. ఆ ఒక్కదాన్నే వెతకండి.

రైతుల దగ్గర దాచవలసిన పని లేదు. కంప్యూటర్ లెక్క దెబ్బతింది, మీ చీటీలు తెస్తే కలిసి సరిచూసుకుందాం అని చెప్పండి. చీటీ పోగొట్టుకున్న రైతు కూడా తన గుంటకు ఎన్ని బస్తాలు పడ్డాయో మర్చిపోడు. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, ఏ వారం మేత తినలేదు, గుంట నీటికి గాలి అందించే ఏరేటరు ఎప్పుడు ఆగింది అన్నీ చెప్పుకుంటూ దాంతో పాటే బస్తాలూ చెబుతాడు. విని రాసుకోండి, కానీ నకలుతో సరిపోయేదాకా పసుపు రంగు తీయకండి.

మా తాత కావలిలో ధాన్యం లెక్కలు రాసేవాడు. పుట్టికి 850 కిలోల లెక్కన ఎర్ర గుడ్డ అట్ట పుస్తకాల్లో రోజువారీ చిట్టా, ఖాతాల ఆవర్జా. తప్పు పడితే ఒక గీత గీసి పక్కన సరైనది రాసేవాడు. కొట్టేసిన అంకె గీత కింద స్పష్టంగా కనిపిస్తూనే ఉండేది. కంప్యూటర్‌లో ఆ గీత లేదు, దాన్ని మనమే పెట్టుకోవాలి. మీ కేసులో పెట్టుకోవడం తేలిక. ఖాళీ నమూనాను ఒకసారి తయారుచేసి, 'సేవ్ యాజ్'లో ఫైలు రకం 'ఎక్సెల్ టెంప్లేట్' అని ఎంచుకోండి. ఇకపై దాన్ని రెండుసార్లు క్లిక్ చేసిన ప్రతిసారీ పేరు లేని కొత్త ఫైలు తెరుచుకుంటుంది. కంట్రోల్ ఎస్ నొక్కితే పేరు అడుగుతుంది, మీ చేతి అలవాటు మార్చుకోనక్కర్లేదు. నడుస్తున్న లెక్కకు 'సేవ్ యాజ్' పెట్టెలో 'టూల్స్' కింద 'జనరల్ ఆప్షన్స్'లో 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్' అని ఒక టిక్కు ఉంది. అది పెడితే ప్రతి సేవ్‌కూ ముందున్న రూపం పక్కనే ఇంకో ఫైలుగా మిగులుతుంది. ఒక్క మెట్టు వెనక్కే, కానీ మొన్న మీకు కావలసింది ఆ ఒక్క మెట్టే.

వారానికోసారి ఒక కాపీ దుకాణం బయట ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు మన తీరమంతా ఎంత వాన కురిపించిందో మీకు నేను చెప్పాలా? కంప్యూటరూ, దాని సొరుగులో పెన్‌డ్రైవూ ఒకే నీళ్లలో మునుగుతాయి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. అక్కడ అదే ఫైలుకు కొత్త రూపం ఎక్కించినప్పుడు పాతది 30 రోజుల పాటు ఉంటుంది.

చివరిగా ఒకటి. పాత లెక్క కోసం ఈ హడావిడిలో, కొత్త పంటకు మీరు రాసిన ఆ నాలుగు పేర్ల సంగతి మరిచిపోకండి. వాటికి ఇప్పటికీ ఒకటే ఫైలు ఉంది.